బాపు ఎడమచెయ్యి

కోతుల గురించి నాకు చెప్పిన పెద్దమనిషి మంచివాడే. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. తప్పంతా నాదేనని ఒప్పేసుకుంటే మనసులో బరువు దిగుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. దిగలేదు. ఎవరికైనా చెబుదామంటే, "మీ నాయినకు చెయ్యి తెచ్చిచ్చినవు, ఇంకేం గావాలె" అంటారు. అదీ నిజమే కాబట్టి నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

మాది రామన్నపేట దగ్గర ఒక ఊరు. మగ్గాల ఇల్లు. బాపు నేసేవాడు, అమ్మ నూలు పని చూసేది, నేను బడి నుంచి వచ్చాక చిటికి కట్టేదాన్ని. చిటికి అంటే రంగు ఎక్కకూడని చోట నూలుకు పట్టీ చుట్టి బిగించడం. పాత సైకిలు ట్యూబును సన్నగా చీరి ఆ పట్టీలు చేసుకునేవాళ్ళం. కట్టు వదులైతే రంగు లోపలికి దిగుతుంది, చీరలో పువ్వు చెదిరిపోతుంది. నేను వదులుగా కట్టినప్పుడల్లా బాపు కొలకర్రతో నా వేళ్ళ మీద తట్టేవాడు. కొట్టేవాడు కాదు, తట్టేవాడు. పదేళ్ళు వచ్చేసరికి నా వేళ్ళకు బిగించడం తప్ప ఇంకోటి తెలియకుండా పోయింది.

తెలంగాణ వచ్చిన తర్వాత పడ్డ నియామకాల్లో నాకు సర్కారు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళ మీద కస్సుమని లేచి, అమ్మాబాపుల దగ్గరే ఉండి, స్కూటీ మీద బడికి పోయివచ్చేదాన్ని. నేను మొండిదాన్ని. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇది ముందే చెప్పడం మంచిది.

ఒక చలికాలం నల్లగొండలో మాకు శిక్షణ పెట్టారు. పిల్లలు ఎట్లా నేర్చుకుంటారన్నది విషయం. రిటైరైన సైకాలజీ లెక్చరర్ ఒకాయన వచ్చి రోజంతా ఎలుకలు, కోతులు అంటూ చెప్పాడు. నా పక్కన కూర్చున్న టీచరమ్మ చెవిలో గొణిగింది, ఎలుకల ముచ్చట మంచిగనే ఉంది గాని మా బళ్ళో బాత్రూముకు తలుపు లేదని ఈ సారుకు ఎవరన్నా చెప్పండమ్మా అని. వెనక వరసలో ఇద్దరు నిద్రపోయారు. నేను మాత్రం నోటుపుస్తకం నింపాను.

ఆయన చెప్పిన వాటిలో ఒకటి నన్ను పట్టుకుంది. ఒక కోతికి ఒక చేతి స్పర్శ తెలిపే నరాలు కోశారట. కోతి ఆ చేతిని వాడడం మానేసింది. కొన్నాళ్ళకు ఆ చేతికి కదిలే శక్తి తిరిగి వచ్చింది, కానీ కోతి దాన్ని కదిలించలేదు. మొదట్లో ప్రయత్నించినప్పుడల్లా ఓడిపోయింది కనుక ఈ చెయ్యి ఇక పనికిరాదని నేర్చేసుకుంది. అప్పుడు దాని మంచి చేతిని కట్టేశారు. తిండి అందుకోవడానికి వేరే దారి లేక చచ్చుచెయ్యి చాపింది. అట్లా ఆ చెయ్యి వాడకంలోకి వచ్చింది. "చాతకాకపోవడం వేరు, చాతకాదని నేర్చుకోవడం వేరు. మీ వెనక బెంచీల పిల్లలను ఒకసారి ఈ కంటితో చూడండి" అన్నాడాయన.

చూశాను. మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది, ఏం అడిగినా తల దించుకునేది. ఆ పిల్లకు తప్పకుండా వచ్చే ప్రశ్నలే అడుగుతూ, పక్కపిల్లలు అందించకుండా ఆపుతూ, రెండు నెలలు పట్టుబట్టాను. సంక్రాంతి సెలవులు అయిపోయి వచ్చాక ఒకరోజు ఆ పిల్ల లేచి పాఠం చదివింది. ఆ రోజు నేను బడి నుంచి ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను. ఆ గర్వమే నా కొంప ముంచింది.

ఆ వేసవిలో కరోనా వచ్చి అన్నీ మూతబడ్డాయి. అదే వేసవిలో ఒక పొద్దున మగ్గం గుంటలో కూర్చున్న బాపు పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. దవాఖానలో ప్రాణం నిలబెట్టి పంపించారు. కాలు కొంత వచ్చింది, మాట కాస్త ముద్దగా వచ్చింది, కుడిచెయ్యి రాలేదు. కసరత్తు చేయించే మనిషిని పెట్టుకోమన్నారు. బస్సులే లేని రోజుల్లో ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు?

మగ్గం మీద అప్పటికి ఇంకా నేయాల్సింది ఒకటిన్నర చీర మిగిలి ఉంది. దాన్ని ఇంకొకరితో నేయించవచ్చు. బాపు ఒప్పుకోలేదు. నేతలో ఒకరి దెబ్బకు ఇంకొకరి దెబ్బ కలవదు, చేతులు మారిన చోట చీరలో గీత కనబడుతుంది. "సగం చీర ఇంకోని చేతిల వెడితె నేను పోయినట్టే లెక్క" అన్నాడు. కుడిచేత్తో తాడు లాగితేనే అడ్డపోగును మోసే నాడె పడుగులో అటూ ఇటూ పరిగెత్తుతుంది. ఆయనకు ఆ చెయ్యి కావాలి. ఆయనకు ఆ చెయ్యి తెచ్చివ్వాలని నాకు ఉంది. బడి లేదు. పొద్దంతా ఖాళీ. నా దగ్గర కోతి ఉంది.

ఆ లెక్చరరుకు ఫోన్ చేశాను. పాపం, చాలాసేపు మాట్లాడాడు. మనుషులకు కూడా ఈ పద్ధతి వాడతారని చెప్పాడు. కానీ దానికి నేర్చిన మనిషి పక్కన ఉండాలని, చేతికి మెత్తటి తొడుగు వేస్తారు తప్ప కట్టరని, రోగి ఒప్పుకున్నంతసేపే చేస్తారని, ఇంట్లో మీరు సొంతంగా మొదలుపెట్టకండమ్మా అని కూడా చెప్పాడు. అన్నీ విన్నాను. ఫోన్ పెట్టేసి అమ్మతో, సారు చేయమన్నాడు అని చెప్పాను.

మొదట బాపు ఎడమచేతికి మెత్తటి గుడ్డసంచి తొడిగాను. పళ్ళతో లాగి పడేశాడు. మళ్ళీ తొడిగాను, మళ్ళీ పడేశాడు, నవ్వాడు కూడా. మూడో రోజు తువ్వాలను నిలువునా చీరి, ఆ చేతిని నడుముకు ఆనించి కట్టాను. చిటికి ముడికి ఒక కొస వదిలిపెడతాం, దాన్ని లాగితే మొత్తం విడిపోతుంది. ఆ కొసను ఆయన పళ్ళకు అందకుండా వీపు వైపు పెట్టాను. నా వేళ్ళకు ఒక్కటే కట్టు వచ్చు కదా, అదే కట్టాను. "మంచిగ బిగిచ్చినవు" అని మెచ్చుకున్నాడు బాపు.

పొద్దున నాష్టా నుంచి సాయంత్రం చాయ్ దాకా కట్టు ఉండాలని నేనే పెట్టుకున్నాను. నూలు చుట్టిన కండెలు ఒక బుట్టలోంచి తీసి ఇంకో బుట్టలో వేయాలి. గ్లాసు పట్టుకోవాలి. అన్నం కుడిచేత్తోనే తినాలి. అన్నం నోటిదాకా వచ్చేది కాదు, రొమ్ము మీద పడేది. అమ్మ కలిపి ముద్ద పెట్టబోతే అడ్డుపడ్డాను. అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చేది. నేను ఏడవలేదు. నేను పక్కన కూర్చుని "ఇంకొక్కసారి బాపూ, ఇంకొక్కసారి" అనేదాన్ని. ఆ మాట ఆ రోజుల్లో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం పప్పన్నం అంతా లుంగీ మీద ఒలికిపోయింది. బాపు తల ఎత్తకుండా అన్నాడు, "పశువును కట్టేసినట్టు కట్టేసినవు గద బిడ్డా."

దానికి నేనేమన్నానో రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను. "ఆకలైతేనే కోతి చెయ్యి సాపింది బాపూ" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది. కుడిచేతిని మళ్ళీ కంచం వైపు జరపడం మొదలుపెట్టాడు.

చెయ్యి మొదటిసారి లేచింది ఒక ఈగ వల్ల. ఆయన కంటి కొన మీద ఈగ వాలింది. కట్టేసిన చెయ్యి కదలదు. తల విదిలించాడు, పోయి మళ్ళీ వాలింది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. చెయ్యి చాపితే తోలేయగలను. తోలలేదు. చూస్తూ కూర్చున్నాను. కన్ను ఎర్రబడింది, నీళ్ళు కారాయి, పెదవి వణికింది. ఎంతసేపటికో ఆ కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి, గాలిలో వణుకుతూ, చెంపదాకా వచ్చింది. నేను సంతోషం పట్టలేక కేకపెట్టాను. వాకిట్లోకి ఉరికి అమ్మను పిలిచాను. బాపు కూడా నవ్వాడు, కన్నీళ్ళతోనే. ఆ కన్నీళ్ళు సంతోషానివేనని అమ్మకు చెప్పాను.

ఇప్పుడు నా తరగతి గదిలో ఏ పిల్లవాడి ముఖం మీద ఈగ వాలినా నేను చేస్తున్న పాఠం ఆపి పోయి తోలి వస్తాను. పిల్లలు నవ్వుకుంటారు. ఈగల టీచరని పేరు పెట్టారని కూడా విన్నాను.

వానాకాలం చివర టీవీలో పాఠాలు మొదలయ్యాయి. పిల్లలు చూస్తున్నారో లేదో ఇల్లిల్లూ తిరిగి చూసుకోవడం మా పని. ఒకరోజు బాపుకు కట్టు కట్టి, గంటలో వస్తానని పోయాను. వాన పట్టుకుంది, మూడు గంటలైంది. అమ్మ రేషను షాపుకు పోయి ఆలస్యంగా వచ్చింది. నేను వచ్చేసరికి బాపు తడిసిన లుంగీతో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లేచి పోలేక, ఒక్క చేత్తో లుంగీ సర్దుకోలేక అక్కడే అయిపోయింది. ఎడమచేతి వేళ్ళు ఉబ్బి నల్లగా కమిలాయి. అమ్మ ఆ కట్టు విప్పబోతే విప్పనివ్వలేదట. "బిడ్డ వచ్చి ఇప్పుతది. మధ్యల ఇప్పితె మొదటికి వస్తదట" అన్నాడట. మొదటికి వస్తుందని ఆయనకు చెప్పింది నేనే. ఆ లెక్చరరు ఎక్కడా అట్లా చెప్పలేదు. కట్టు విప్పించుకోకుండా ఉండడానికి నేను అల్లిన మాట.

ఆ రోజు మాత్రం ఏడ్చాను. వేళ్ళకు కొబ్బరినూనె రాస్తూ ఏడ్చాను. మర్నాడు కట్టు వదులు చేశాను. మానలేదు.

దసరా దాటాక బాపు మగ్గం గుంటలోకి దిగాడు. కట్టు మానేసిన రోజు అదే. తాడు లాగాడు. నాడె సగం దూరం పోయి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. ఆ ఒకటిన్నర చీర నేయడానికి ఎండాకాలం దాకా పట్టింది. ఎక్కడ పక్షవాతం వచ్చిందో అక్కడ చీరలో గీత పడింది. మునుపటి చేతికి ఈ చెయ్యి కలవలేదు. బాపు ఆ గీతను వేలితో తడిమి చూసుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, బిడ్డ అంటే గిట్లుండాలె అని నన్ను పొగిడారు. నేను ఉబ్బిపోయాను.

మళ్ళీ శిక్షణ పెట్టినప్పుడు నన్ను మాట్లాడమన్నారు. కోతి గురించి చెప్పాను, బాపు గురించి చెప్పాను, చాతకాదని నేర్చుకున్నదాన్ని మరిపించవచ్చని చెప్పాను. ఈగ గురించి చెప్పాను, నేను తోలలేదన్నది వదిలేసి. చప్పట్లు కొట్టారు. నిద్రపోయేవాళ్ళు కూడా కొట్టారు.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వస్తుంటే మా వీధిలో మురికికాలువ తవ్వి పెట్టారు. స్కూటీ హారన్ కొట్టి, అక్కడే ఆపి, పక్కింటి పిట్టగోడ వారగా నడిచి వచ్చాను. అందువల్ల వాకిలి కంటే ముందు మా కిటికీ వచ్చింది. లోపల బాపు ఒక్కడే మంచం మీద కూర్చున్నాడు. ఎడమచేతిలో ఉన్న చాయ్ గ్లాసును కింద పెట్టేస్తున్నాడు. పెట్టి, ఆ చేతిని నడుముకు ఆనించి, వీపు కాస్త నేను రావలసిన వాకిలి వైపుకు తిప్పి కూర్చున్నాడు. కదలకుండా. గ్లాసులో చాయ్ సగం ఉంది. కట్టు మానేసి అప్పటికి ఏడాది దాటింది.

లోపలికి పోయి అమ్మను అడిగాను. "నువ్వు ఇయ్యాల సూసినవు. నీ బండి సప్పుడైతె రోజు గంతే" అంది అమ్మ, చేటలో బియ్యం ఏరుతూ.

ఇన్నాళ్ళూ నేను లోపలికి రాగానే ఆయన కుడిచేత్తో ఏదో ఒకటి పట్టుకుని చూపించేవాడు, నేను కుడిచేతినే చూసేదాన్ని. ఎడమచెయ్యి ఎక్కడుందో ఒక్కనాడూ చూడలేదు. నా నోటుపుస్తకంలో కోతికి రెండు పేజీల ముందు ఎలుక ఉంది. గంట మోగితే షాకు తగులుతుంది, తర్వాత షాకు లేకపోయినా గంటకే బిగుసుకుపోతుంది. ఆ పేజీ కూడా నా దస్తూరీయే. నేను ఒకటి నేర్పుతున్నాననుకున్నాను. దాని పక్కనే మా బాపు ఇంకోటి నేర్చుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను, నేనంటే భయమా బాపూ అని. ఆయన నవ్వాడు. "నీకు భయపడుడేంది బిడ్డా. అలవాటు." భయమైతే క్షమించమని అడిగేదాన్ని. అలవాటును ఏమని అడగను?

మరిపించాలని చూశాను. బండి ఇంజను వీధి మలుపులోనే ఆపి, చప్పుడు కాకుండా నెట్టుకొచ్చేదాన్ని. వస్తూనే ఆయన ఎడమచేతిలో సర్వపిండి ముక్కో, రేగుపళ్ళో పెట్టేదాన్ని. కొన్ని నెలలకు ఆ చెయ్యి నన్ను చూసి నడుము దగ్గరికి పోవడం తగ్గింది. ఒకరోజు తనే చాపి, ఏం తెచ్చినవు అని అడిగాడు. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను. గండం గడిచిందనుకున్నాను.

రెండేళ్ళ కిందట మళ్ళీ పక్షవాతం వచ్చింది. బడిలో ఉండగా ఫోన్ వస్తే అట్లాగే నల్లగొండ దవాఖానకు పోయాను. మధ్యాహ్నం మూడు కావస్తోంది. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. తనెవరో గుర్తుపట్టలేదని, తనను అక్కా అని పిలుస్తున్నాడని అంది. చిన్నాయన వచ్చాడు, ఆయన్నీ గుర్తుపట్టలేదంది. ఎడమచేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తున్నారు.

నేను మంచం దగ్గరికి పోయాను. బాపు కళ్ళు తెరిచి చూశాడు. ఆ ఎడమచెయ్యి, సూదితో సహా, మెల్లగా జరిగి నడుము కిందికి పోయింది. గొట్టంలోకి రక్తం ఎగదన్నింది. నర్సమ్మ పరిగెత్తుకొచ్చి, చెయ్యి బయటికి తియ్యి పెద్దాయనా అని కసిరి, లాగింది. ఆయన మళ్ళీ దాచాడు. నన్నే చూస్తూ అన్నాడు, "కదిలిస్తలేను బిడ్డా. కట్టు."

అందరినీ మరిచిపోయిన మనిషి నన్ను గుర్తుపట్టాడు. అట్లా గుర్తుపట్టాడు.

ఏమంటున్నాడు అని నర్సమ్మ అడిగింది. ఏం లేదన్నాను. ఆమె సూదిని పాదానికి మార్చి పోయింది. బాపుకు మాత్రం నిమ్మళం లేదు. చెయ్యి నడుముకు ఆనించుకుని, వీపు నా వైపు తిప్పబోతున్నాడు. ఒళ్ళంతా మెలికలు తిరుగుతోంది. వద్దు బాపూ, కట్టనని బతిమాలాను. వినలేదు. చివరికి నా చీరకొంగు తీసి ఆయన ఎడమచేతి మీద ఊరికే కప్పి, పైన నా చెయ్యి ఉంచాను. అప్పుడు ఒళ్ళు సడలింది. ఊపిరి కుదుటపడింది. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

అప్పుడు ఆయన కుడిచెయ్యి లేపాడు. ఈసారి ఆ పక్క మళ్ళీ పడిపోయింది, డాక్టరు కూడా అదే చెప్పాడు. అయినా లేపాడు. జానెడు లేచి దుప్పటి మీద పడింది. నా ముఖంలోకి చూశాడు. మళ్ళీ లేపాడు. బెత్తెడు లేచింది, పడింది.

"సాలు బాపూ" అన్నాను.

మళ్ళీ లేపాడు.

"సాలు బాపూ. సాలు. మంచిగ చేసినవు." ఏడుస్తూ చెప్పాను, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను, ఆ చేతిని పట్టుకుని కూడా చెప్పాను. వేళ్ళు నా చేతిలో కదులుతూనే ఉన్నాయి. పొద్దుగూకేదాకా కదిలాయి. తెల్లవారి ఆయన పోయాడు.

చాలు అన్న మాట అంతకుముందు నా నోటి నుంచి ఆయన ఎన్నడూ విని ఉండలేదు. అది వింటే ఏం చేయాలో నేను నేర్పలేదు.